అందరి చేతిలో ఒకే చిట్టా

ఆలయ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చదవడానికి అనువుగా అక్కడక్కడ కుదించడమైనది.



భోజనాలకు ముందు మైకు పట్టుకున్నవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. పైగా కింద వంటశాలలో పులిహోర కలుపుతున్నారు, ఆ తాలింపు వాసన ఇక్కడిదాకా వస్తోంది. కాబట్టి సూటిగా విషయంలోకి వెళ్తాను. ఇంటర్నెట్‌లో ఉండే ఆఫీసు సాధనాలు, అంటే గూగుల్ డాక్స్, షీట్స్, మైక్రోసాఫ్ట్ 365 లాంటివి, గుడి పనికి ఎలా వాడుకోవాలో అందరికీ అర్థమయ్యేలా చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. మీలో సగం మందికి ఉద్యోగంలో రోజూ వీటితోనే పని. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసులో ఎంతో పద్ధతిగా వాడతాం. శనివారం గుడికి రాగానే మాత్రం కాగితం మీద లిస్టు రాసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పెట్టేస్తాం. సేవకి పద్ధతి అక్కర్లేదని మనసులో ఎక్కడో ఉందేమో మరి.

పోయిన బ్రహ్మోత్సవాల ముందు కార్యక్రమ వివరాల ఫైలు ఎన్ని రూపాల్లో తిరిగిందో సరదాకి లెక్కపెట్టాను. "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ కరెక్టెడ్", "ఇదే ఫైనల్", "ఇదే ఫైనల్, అర్చకస్వామి చూశారు". మొత్తం తొమ్మిది. ఒకరి దగ్గర కల్యాణం పదింటికి, ఇంకొకరి దగ్గర పదిన్నరకి. పూలు తెచ్చేవాళ్ళకి వెళ్ళింది మూడో ఫైలు. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఈమెయిల్‌కి ఫైలు తగిలించి పంపడమంటేనే నకలు పంపడం. పదిమందికి పంపితే పది నకళ్ళు పుడతాయి, ఎవరి నకలు వాళ్ళు దిద్దుకుంటారు. ఆ దిద్దుబాట్లన్నీ మళ్ళీ ఒక్కచోటికి చేర్చే పని ఒకరి నెత్తిన పడుతుంది. మన గుడిలో ఆ ఒకరు కార్యదర్శి గారు, ఆ వేళ రాత్రి పన్నెండు దాటాక.

మన ఊళ్ళలో పాతకాలపు కొట్టు గుర్తు తెచ్చుకోండి. గల్లాపెట్టె పక్కన ఒక చిట్టా ఉండేది. షావుకారు రాసినా, ఆయన కొడుకు రాసినా, గుమాస్తా రాసినా అందులోనే రాయాలి. దాన్నుంచి ఆవర్జాలోకి ఎక్కేది. చిట్టాని ఎవరికి వారు ఇంటికి పట్టుకెళ్ళి నకలు రాసుకుని అందులో లెక్కలు వేసుకుంటే ఆ కొట్టు ఎన్నాళ్ళు నడుస్తుంది? ఇంటర్నెట్‌లో ఉండే పత్రం ఆ చిట్టా లాంటిదే. ఉండేది ఒకటే. కాకపోతే దాన్ని పదిమంది పది ఇళ్ళ నుంచి ఒకేసారి తెరవచ్చు, ఒకరు రాస్తూ ఉంటే ఇంకొకరికి ఆ అక్షరాలు కనిపిస్తూ ఉంటాయి. మీరు ఇతరులకి పంపేది దాని చిరునామా మాత్రమే. ఆ చిరునామానే లింకు అంటున్నాం.

ఇదేమీ కొత్త విద్య కాదు. రైట్లీ అనే రాతసాధనాన్ని గూగుల్ 2006లో కొనుక్కుంది. అదే తర్వాత గూగుల్ డాక్స్ అయింది. లెక్కల పట్టిక కూడా అదే ఏడాది వచ్చింది. మైక్రోసాఫ్ట్ వారు 2011లో ఆఫీస్ 365 తెచ్చారు. 2006లో పుట్టిన మన పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు, మనం ఇంకా ఫైలు తగిలించే పంపుతున్నాం. రెండింటిలో ఏది మంచిదని మాత్రం అడక్కండి, మన పనికి ఏదైనా చాలు. మనవాళ్ళలో ఎక్కువమందికి జీమెయిల్ ఉంది కాబట్టి నేను గూగుల్ పేర్లే చెప్తాను.

నాకు ముఖ్యంగా చెప్పాలని ఉన్నది గోత్రాల పట్టిక గురించి.

నిత్యార్చనకి పేర్లు ఇచ్చినవారి పట్టిక మన దగ్గర ఒక షీటులో ఉంది. పేరు, గోత్రం, నక్షత్రం, కుటుంబసభ్యులు, ఏ తేదీన అర్చన. ఆదివారం పొద్దున్న అర్చకస్వామి చేతిలో ట్యాబ్లెట్ పెడతాం, ఆయన అందులో చూసి చదువుతారు. ఒక వారం ఎవరో వాలంటీరు మంచి ఉద్దేశంతోనే పేర్లన్నీ అక్షర క్రమంలో పెట్టారు. పెట్టేటప్పుడు పేర్ల గడి ఒక్కటే ఎంచుకుని క్రమంలో పెట్టారు. పేర్లు కదిలాయి, పక్కనున్న గోత్రాలూ నక్షత్రాలూ ఉన్నచోటే ఉండిపోయాయి. చూడ్డానికి షీటు ఎంతో చక్కగా ఉంది. లోపల మాత్రం కౌండిన్యస గోత్రం వారి పక్కన హరితస, రోహిణి వారి పక్కన మూల.

ఆ ఆదివారం ఒకావిడ వాళ్ళ నాన్నగారు పోయి సంవత్సరం నిండిన సందర్భంలో పిల్లల్ని వెంటబెట్టుకుని నాలుగు గంటలు కారు నడుపుకుని వచ్చారు. ఇండియా వెళ్ళడానికి ఆవిడకి సెలవు దొరకలేదు. స్వామి ముందు నిలబడితే తన పుట్టింటి పేరు మీద ఇంకెవరిదో గోత్రం వినబడింది. ఆవిడ గొడవ చేయలేదు. హారతి తీసుకుని, కౌంటరు దగ్గరికి వచ్చి, "మా నాన్నగారి గోత్రం తప్పు చదివారండీ, ఒకసారి చూస్తారా" అని మాత్రం అన్నారు. అంటున్నప్పుడు గొంతు వణికింది. అర్చకస్వామి మళ్ళీ పిలిచి, సంకల్పం మొదటినుంచి చెప్పించి అర్చన చేశారు. షీటు అంటే మనకి గళ్ళూ గీతలూ. ఆవిడకి అది వాళ్ళ నాన్నగారు.

దాన్ని సరిచేయడానికి పట్టింది ఐదు నిమిషాలు. ప్రతి పత్రానికీ వెర్షన్ హిస్టరీ అని ఒకటి ఉంటుంది. ఫైల్ మెనూలోకి వెళ్తే కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తేదీ, వేళలతో సహా అందులో ఉంటుంది. గురువారం రాత్రి జరిగిన మార్పు దొరికింది, దానికి ముందున్న రూపాన్ని వెనక్కి తెచ్చాము. ఒక్క జాగ్రత్త: వెనక్కి తెచ్చినప్పుడు ఆ తర్వాత చేరిన మంచి మార్పులు కూడా కనబడకుండా పోతాయి. శుక్రవారం, శనివారం ఎక్కిన పేర్లు ముందే పక్కన రాసిపెట్టుకుని, మళ్ళీ ఎక్కించవలసి వచ్చింది. మార్చినవారి పేరు చెప్పమని కార్యవర్గంలో ఎవరూ నన్ను అడగలేదు. అడగనందుకు వారికి కృతజ్ఞతలు. అడిగి ఉంటే ఈ గుడిలో వాలంటీరుగా షీటు ముట్టుకునేవారు ఇంకెవరూ మిగిలేవారు కాదు.

మళ్ళీ అలా జరక్కుండా మూడు పనులు చేశాం. క్రమంలో పెట్టేటప్పుడు "సార్ట్ షీట్" నొక్కితే వరసలన్నీ కలిసి కదులుతాయి, "సార్ట్ రేంజ్" నొక్కితే మీరు ఎంచుకున్న గళ్ళే కదులుతాయి. ఈ తేడా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కౌంటరు దగ్గర అంటించాము. రెండోది, గోత్రం, నక్షత్రం ఉన్న గళ్ళకి రక్షణ పెట్టాము, ఇద్దరు తప్ప ఇంకెవరూ మార్చలేరు. మూడోది, ఎవరికి కావలసిన వరసలో వారు చూసుకోవడానికి ఫిల్టర్ వ్యూ ఉంది. అందులో మీరు ఎలా తిప్పుకున్నా పక్కవారి తెర మీద ఏమీ మారదు. ఈ మూడోది ఆఫీసులో పదేళ్ళుగా షీట్లు వాడుతున్నవారికి కూడా చాలామందికి తెలియదని గమనించాను.

గోత్రాల దగ్గరే ఇంకొక చిక్కు ఉంది. భరద్వాజ అనే మాటని మనవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో చూడండి. "వి" పెట్టేవారు కొందరు, "డబ్ల్యు" పెట్టేవారు కొందరు, చివర "ఎ" ఉంచేవారు, తీసేసేవారు, "స" చేర్చేవారు, "హెచ్" ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. కంప్యూటరుకి ఇవన్నీ వేరువేరు గోత్రాలే. ఇప్పుడు ఆ గడిలో టైపు చేయడం లేదు. నొక్కితే కిందికి ఒక జాబితా జారుతుంది, తెలుగులో రాసిన గోత్రాల్లోంచి ఒకటి ఎంచుకుంటారు. అర్చకస్వామికి కూడా తెలుగు అక్షరాలే కనిపిస్తాయి కాబట్టి ఒత్తులు దీర్ఘాలు సరిగ్గా పలుకుతాయి. జాబితా చివర "తెలియదు" అని కూడా పెట్టాము. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పడం ఆచారం ఉంది కదా. గడి ఖాళీగా ఉంటే, నిజంగా తెలియకా లేక రాయడం మరిచిపోయారా అన్నది స్వామికి ఎలా తెలుస్తుంది? ఆ ఒక్క మాట వల్ల ఆ సందేహం తీరింది.

ఇక ఎవరికి ఏ హక్కు అన్న సంగతి. పత్రాన్ని ఇతరులకి ఇచ్చేటప్పుడు మూడు మెట్లు ఉంటాయి: చూడ్డం, పక్కన వ్యాఖ్య రాయడం, మార్చడం. గుడికి వచ్చిన ప్రతివారికీ దర్శనం ఉంటుంది. గర్భాలయంలోకి అర్చకులే వెళ్తారు. అందులో ఎవరికీ చిన్నతనం లేదు కదా. షీటుకీ అంతే. అన్నదానం పట్టిక అందరూ చూడాలి, వంటశాల బృందం మార్చాలి. కానీ మనం చేసేదేమిటంటే, తొందరలో "లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చు" అన్నదాన్ని నొక్కేసి వాట్సాప్ గుంపులో పెట్టేస్తాం. ఆ గుంపులో మూడువందల మంది. అందులోంచి అది ఎక్కడికి వెళ్ళిందో ఎవరు చెప్పగలరు? మన షీట్లలో ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు, పుట్టినరోజులు, బాలవిహార్ పిల్లల్లో ఎవరికి వేరుశనగ పడదు అన్న వివరం కూడా ఉన్నాయి. మా చిన్న బృందం వెతికితే ఇలా తలుపులు తీసి ఉన్న ఫైళ్ళు ఇరవైకి పైగా దొరికాయి. అన్నీ మూసేశాం. మీకు ఉన్నట్టుండి ఏదైనా షీటు తెరుచుకోకపోతే కోపం తెచ్చుకోకండి, అడిగితే మీ పేరు మీద ఇస్తాం. క్రెడిట్ కార్డు నంబరు మాత్రం ఏ షీటులోనూ, ఏ వ్యాఖ్యలోనూ, ఎవరు అడిగినా రాయకండి.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త బరువైన సంగతి.

మన గుడి లెక్కలు పద్దెనిమిదేళ్ళు ఒకే మనిషి చూశారు. ఆయన పేరు నేను చెప్పనక్కర్లేదు, ఈ హాల్లో ఆయన చేతి రసీదు అందుకోనివారు తక్కువ. ఇల్లు కొనుక్కున్న రోజుల్లో కొన్న కంప్యూటరు, ఆ తర్వాత ఇంకొకటి, బేస్‌మెంట్‌లో పెట్టుకుని రాత్రిళ్ళు మన లెక్కలు రాసేవారు. ఒక్క సెంటు తేడా వచ్చేది కాదు. ఆయన హఠాత్తుగా వెళ్ళిపోయారు. పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక ఆంటీగారు ఆ కంప్యూటరుని కారు డిక్కీలో పెట్టుకుని, దుప్పటి కప్పి, తానే గుడికి తెచ్చి ఇచ్చారు. పాస్‌వర్డు ఆవిడకి తెలియదు. "ఎప్పుడూ అడగలేదు బాబూ, గుడి పని కదా" అన్నారు. అప్పటికి జనవరి నడుస్తోంది. దాతలందరికీ పన్ను రసీదులు వెళ్ళాల్సిన నెల.

ఈ దేశంలో ఒకేసారి 250 డాలర్లు, ఆపైన విరాళం ఇచ్చినవారు పన్ను మినహాయింపు కోరాలంటే సంస్థ నుంచి రాతపూర్వకమైన రసీదు ఉండాలి. మొత్తం ఎంత, ప్రతిఫలంగా ఏమైనా ఇచ్చారా లేదా అన్నది అందులో ఉండాలి. రిటర్ను దాఖలు చేసేలోపు అది చేతిలో ఉండాలి. చెక్కు నకలు ఒక్కటీ సరిపోదు. ఆ జనవరిలో మన సభ్యులు ఎంతమంది ఫోన్లు చేశారో, ఎవరికీ జవాబు చెప్పలేక కార్యవర్గం ఎంత నలిగిపోయిందో మీకు తెలుసు. చివరికి బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని, చెక్కుల బొమ్మలు ఒక్కొక్కటీ చూసి ముగ్గురు కూర్చుని మళ్ళీ రాశారు. ఐదు వారాంతాలు పట్టింది.

ఆయన చేసిన సేవలో లోపం ఏమీ లేదు, ఒంటరిగా చేయనిచ్చాం, అంతే. ఫైలు ఇంటర్నెట్‌లో ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం తీరుతుందని కూడా అనుకోకండి. వ్యక్తిగత జీమెయిల్‌తో తయారుచేసిన షీటు ఆ వ్యక్తిదే. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాని, అందులోని ఫైళ్ళతో సహా, గూగుల్ తీసేయవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఈ నియమం అమల్లో ఉంది. సంస్థల ఖాతాలకి ఇది వర్తించదు. ఉచిత ఖాతాలో చోటు కూడా 15 గిగాబైట్లే, అదీ ఉత్తరాలు, ఫొటోలు, ఫైళ్ళు అన్నిటికీ కలిపి. అది నిండితే ఉత్తరాలు రావడం ఆగిపోతుంది. ఒకరి మనవరాలి బారసాల వీడియోల వల్ల మన కల్యాణమండపం బుకింగులు ఆగిపోయే అవకాశం ఉందన్నమాట.

అందుకని గుడికే సొంత ఖాతా ఉండాలి. అర్హత ఉన్న 501 సి 3 సంస్థలకి గూగుల్ వారు ఉచితంగా ఇస్తారు, మైక్రోసాఫ్ట్ వారికీ లాభాపేక్ష లేని సంస్థల కోసం ఇలాంటి ఏర్పాటు ఉంది. మనం దరఖాస్తు పెట్టాము. కార్యదర్శికి ఒక చిరునామా, కోశాధికారికి ఒకటి, పూజల బుకింగుకి ఒకటి. అవి పదవుల పేర్ల మీద ఉంటాయి. ఎన్నికలైన మర్నాడు తాళంచెవి ఇచ్చినట్టు పాస్‌వర్డు మార్చి కొత్తవారికి ఇస్తారు. ఫైళ్ళన్నీ సంస్థ పేరు మీదున్న షేర్డ్ డ్రైవ్‌లో ఉంటాయి, ఒకరు ఊరు మారినా అవి కదలవు. మొత్తం ఖాతా మీద అధికారం ఇద్దరికి తగ్గకుండా ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకూడదు. భార్యాభర్తలు ఇద్దరూ ఒకేసారి ఇండియా వెళ్తే, విమానంలో ఉన్న పదహారు గంటలూ గుడికి తాళం పడుతుంది.

మీ సొంత ఖాతాల గురించి కూడా ఒక మాట. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒక అమరిక ఉంది. ఇన్ని నెలలు నేను తెరవకపోతే నా ఫైళ్ళు ఫలానావారికి అందనివ్వండి అని ముందే రాసిపెట్టుకోవచ్చు. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా గడువు మీ ఇష్టం. మనవాళ్ళు ఇలాంటివి మాట్లాడటం అశుభం అనుకుంటారు. ఆంటీగారి డిక్కీలో ఆ కంప్యూటరు చూసినప్పటినుంచి నేను అలా అనుకోవడం మానేశాను.

కొంచెం ఉత్సాహంగా ఉండే సంగతికి వద్దాం. రాజగోపురం పని.

మన స్థపతి గారు ఆళ్ళగడ్డలో ఉంటారు. మన ఇంజనీరు ఇక్కడివాడు, తెలుగు రాదు, ఆగమం సంగతి అసలే తెలియదు. మనకి పొద్దున్న తొమ్మిదైతే అక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఇండియాలో గడియారం మారదు, మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం మారేది మనమే. ఫోన్లలో మాట్లాడుకున్నంతకాలం ఒకరి నిద్ర ఇంకొకరు చెడగొట్టుకోవడమే సరిపోయింది. తర్వాత నమూనా గీతల్ని డ్రైవ్‌లో పెట్టాము. గీత మీద కావలసినచోట గుర్తుపెట్టి పక్కన వ్యాఖ్య రాయవచ్చు. మనం పడుకునే ముందు ఇంజనీరు "ఈ మూలన ఎంత బరువు పడుతుంది" అని రాస్తాడు. తెల్లారేసరికి స్థపతి గారి జవాబు తెలుగులో ఉంటుంది, మన సభ్యులొకరు దాని కిందే ఇంగ్లీషులో రాస్తారు. కలశం దాకా ఎత్తు ఎంత అన్న దగ్గర కౌంటీ నియమానికీ శిల్పశాస్త్రపు కొలతకీ పొత్తు కుదరలేదు. ఆ చర్చ దాదాపు రెండు నెలలు ఒకే వ్యాఖ్య కింద నడిచింది. పీఠం ఎత్తు సర్దుబాటు చేసి నిష్పత్తి చెడకుండా స్థపతి గారే దారి చూపించారు. తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి "ఈ మార్పు ఎందుకు చేశారు" అని అడిగితే, తేదీలతో సహా తెర మీద చూపించాము. అదే వాట్సాప్‌లో జరిగి ఉంటే శుభోదయం పూల బొమ్మల మధ్య ఎక్కడని వెతుకుతాం?

క్యాలెండరు గురించి చాలామంది అడుగుతున్నారు కనుక చెప్తున్నాను. ఏకాదశి, సంకష్టహర చతుర్థి, ప్రదోషం, ఇవన్నీ మన ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయ, చంద్రోదయాల ప్రకారం లెక్క కట్టాలి. హైదరాబాదు పంచాంగం క్యాలెండరు ఎక్కడినుంచో దించుకుని ఫోనులో పెట్టుకుంటే ఒక్కోసారి రోజు తప్పుతుంది. తిథి మొదలయ్యే క్షణం లోకమంతటికీ ఒకటే, కానీ ఆ క్షణానికి మన గడియారంలో తేదీ వేరు కావచ్చు. అర్చకస్వామి చూసి ఖాయం చేసిన తేదీలతో గుడి క్యాలెండరు ఒకటి తయారైంది. దానికి చందాదారులైతే చాలు, అక్కడ ఒక తేదీ దిద్దితే అందరి ఫోన్లలోనూ దిద్దుకుంటుంది. గోడ క్యాలెండరు కూడా అచ్చు వేస్తాం, భయపడకండి.

పెద్దవాళ్ళలో కొందరు నన్ను పక్కకి పిలిచి "ఇక మా అవసరం లేదన్నమాట" అన్నారు. ఆ మాట నాకు బాధ కలిగించింది. కౌంటరు మీద పుస్తకం అలాగే ఉంటుంది. చేత్తో రాసేవారు అందులోనే రాయండి, సాయంత్రం పిల్లలు షీటులోకి ఎక్కిస్తారు. హైస్కూలు పిల్లలకి సేవా గంటల లెక్క కూడా కావాలి కదా, దాని పట్టిక కూడా ఒక షీటే. పైగా మన బేస్‌మెంటు హాల్లో సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే. ప్రతి శనివారం రాత్రి మర్నాటి అర్చనల జాబితా అచ్చు తీసి అర్చకస్వామికి ఇస్తాం. ఇంటర్నెట్ పోయిందని స్వామికి అర్చన ఆగకూడదు. టైపు చేయడం కష్టమనుకునేవారు ఫోను కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పి చూడండి. చాలావరకు సరిగ్గానే పడుతుంది. మా అమ్మగారు మొదటిరోజు దానితో దెబ్బలాడారు, రెండోరోజు నుంచి ఆవకాయ కొలతలు చెప్పి రాయిస్తున్నారు.

తెలుగులో రాసేటప్పుడు యూనికోడ్‌లోనే రాయండి. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. పాత అచ్చుపని ఫాంట్లలో కొట్టిన ఆహ్వానపత్రం ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి, వెతికినా దొరకదు. అందమైన అక్షరాలు కావాలంటే డాక్స్‌లోనే ఉన్నాయి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, మల్లన్న, తెనాలి రామకృష్ణ, గిడుగు. రాయలవారి సభ సగం అక్కడే కూర్చుంది. ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వాటిని సిలికానాంధ్ర వారు అందుబాటులోకి తెచ్చారు.

మోసాల గురించి ఒక్క నిమిషం. గుడి అధ్యక్షుల పేరుతోనో, అర్చకుల పేరుతోనో "అర్జంటుగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపండి" అని ఉత్తరాలు వస్తుంటాయి. ప్రార్థనాలయాల సభ్యుల మీద ఈ ఎత్తు వేస్తున్నారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారు కూడా హెచ్చరించారు. మన గుడి ఎప్పుడూ గిఫ్ట్ కార్డులు అడగదు. తెలియని చోటు నుంచి "మీతో ఒక పత్రం పంచుకున్నారు" అని ఉత్తరం వస్తే తొందరపడి తెరవకండి. పంపినవారికి ఫోను చేసి అడగండి. ఖాతాలకి రెండంచెల తాళం పెట్టుకోండి, పిల్లల్ని అడిగితే రెండు నిమిషాల్లో పెట్టిస్తారు.

ఏది ఇందులో పెట్టకూడదో కూడా చెప్పాలి. ఇద్దరి మధ్య మాట తేడా వస్తే దాన్ని షీటు పక్కన వ్యాఖ్యల్లో తేల్చుకోకండి. పోయినేడు అన్నదానం పట్టికలో సాంబారు పాళ్ళ మీద మొదలైన వ్యాఖ్యలు ముప్పై దాటాయి, చివరికొచ్చేసరికి సాంబారు మాటే లేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఇక్కడే నవ్వుతున్నారు కాబట్టి చెప్తున్నాను. అలాంటప్పుడు ఫోను తీయండి, లేదా కాఫీకి పిలవండి. కష్టంలో ఉన్న కుటుంబానికి గుడి చేసిన సహాయం వివరాలు కూడా పదిమంది తెరిచే షీటులో ఉండకూడదు. అది ఇద్దరు ముగ్గురి మధ్య ఉండాల్సిన సంగతి.

వచ్చే రెండు శనివారాలు సాయంత్రం హారతి తర్వాత లైబ్రరీ గదిలో నేర్పిస్తాం. మొదటి వారం షీట్లు, రెండో వారం ఫారాలు, క్యాలెండరు. ల్యాప్‌టాప్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే ఫోను చాలు. కళ్ళజోడు మాత్రం మరిచిపోకండి.

ఆఖరుగా ఒక సహాయం కావాలి. అంకుల్‌గారి కంప్యూటరు మన పిల్లలిద్దరు ఓపికగా కూర్చుని తెరిచారు, ఆంటీగారి అనుమతితోనే. పద్దెనిమిదేళ్ళ లెక్కలు దొరికాయి, ఇప్పుడవి గుడి ఖాతాలో ఉన్నాయి. వాటిలో ఒక పాత ఫైలు ఉంది, స్థలం కొన్న రోజుల్లో మొదట డబ్బు వేసుకున్నవారి పట్టిక. పాత తెలుగు ఫాంటులో ఉంటే యూనికోడ్‌లోకి మార్చాము. చాలావరకు వచ్చింది, నలభై పేర్ల దాకా అక్షరాలు చెదిరిపోయాయి. కొన్నిటికి ఇంటిపేరు మాత్రమే మిగిలింది, కొన్నిటికి ఊరు మాత్రమే. ఆ పేజీలు పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి ఆఫీసు గదిలో బల్ల మీద పెట్టాము, పక్కన పెన్సిలు ఉంది. ఆ రోజుల్లో ఇక్కడ ఉన్నవారు భోజనం చేసి వెళ్ళేలోపు ఒకసారి చూడండి. ఫలానావారు అని గుర్తొస్తే పక్కన రాయండి, గోత్రం కూడా తెలిస్తే రాయండి.